చలికాలం సాకగలిగినన్ని ఆవులే: టోర్బెల్ ఊరి కట్టుబాట్లపై ఒక పరిశీలన

1517 నాటి ఒక కట్టుబాటు సారాంశం ఇది: చలికాలమంతా తన గడ్డితో ఎన్ని ఆవుల్ని సాకగలడో, వేసవిలో ఊరుమ్మడి పచ్చికకు ఆ ఇంటివాడు అన్ని ఆవుల్నే తోలాలి. మించి తోలితే తప్పు కట్టాలి. తప్పు వేసే అధికారం గెవాల్ట్‌హాబర్ అనే ఊరి ఉద్యోగిది. వసూలైన సొమ్ములో సగం అతనికే. ఈ కట్టుబాటు పెట్టుకున్నది స్విట్జర్లాండ్‌లో వాలిస్ కాంటన్‌కు చెందిన టోర్బెల్ అనే కొండ ఊరు. ఇప్పుడు అక్కడి జనాభా 500 దరిదాపుల్లో ఉంటుంది. అయినా అడవులు, కాలువలు, మేత బీళ్లు వంటి ఉమ్మడి ఆస్తుల గురించి ఎవరు పుస్తకం రాసినా ఈ ఊరి పేరు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

ఇంత పేరు రావడానికి ఇద్దరు కారణం. అమెరికన్ మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెట్టింగ్ 1970 ప్రాంతంలో అక్కడ క్షేత్ర పరిశోధన మొదలుపెట్టి, 1981లో ‘బాలెన్సింగ్ ఆన్ యాన్ ఆల్ప్’ అనే పుస్తకం తెచ్చారు. దాన్నీ నెట్టింగ్ ఇతర వ్యాసాలనూ ఆధారం చేసుకుని, రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రోమ్ తన ‘గవర్నింగ్ ద కామన్స్’లో (1990) ఉమ్మడి వనరులను శతాబ్దాలపాటు చెడకుండా కాపాడుకున్న సమాజాల వరసలో టోర్బెల్‌ను మొదట నిలబెట్టారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చాక ఆ పుస్తకాన్ని చదివేవాళ్లూ పెరిగారు, చదవకుండా ఉదహరించేవాళ్లూ పెరిగారు. ఆ ప్రయాణంలో టోర్బెల్ ముఖం నునుపు తేలింది. నలుగురూ కలిసిమెలిసి, ఒకరి మాట ఒకరు మన్నించుకుంటూ బతికే సామరస్యపు పల్లెగా దాన్ని చూపించడం అలవాటైంది. అందుబాటులో ఉన్న సాక్ష్యం ఆ బొమ్మను అంతగా బలపరచదు. ఆ ఊరి ఉమ్మడిని నిలబెట్టినవి రెండు గట్టి ఏర్పాట్లని, ఒకటి కొలత అయితే రెండోది సరిహద్దు అని నా వాదన. ఆ రెంటికీ మూల్యం చెల్లించినవాళ్లు ఉన్నారు.

ముందు నేల సంగతి. విస్ప్ పట్టణం నుంచి దక్షిణంగా లోయలోకి వెళ్తే స్టాల్డెన్ వస్తుంది. అక్కడ లోయ రెండుగా చీలి ఒక పాయ సెర్మాట్‌కు, ఇంకొకటి సాస్ లోయకు పోతుంది. టోర్బెల్ ఆ చీలికకు పైన, ఎండ బాగా తగిలే నిటారు వాలు మీద, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకే ఊరి రైతుకు కింద లోయ వైపు ద్రాక్ష, కాస్త పైన రై ధాన్యం, కూరగాయల మడులు, ఊరి చుట్టూ గడ్డి కోసే పొలాలు, ఆపైన అడవి, అడవికి పైన 2,000 మీటర్లు దాటాక వేసవి పచ్చిక ఉంటాయి. ఆ పచ్చికను అక్కడ ఆల్ప్ అంటారు. లోయకు అవతలి గట్టున ఉన్న ఫిస్పెర్టెర్మినెన్ ద్రాక్ష తోటలు సుమారు 1,100 మీటర్లు దాటి పైకి పాకాయి, ఐరోపాలో అతి ఎత్తయిన ద్రాక్ష తోటల్లో వాటిని లెక్కిస్తారు. ఎత్తు మారితే పంట మారుతుంది, పని చేసే నెల మారుతుంది. అందుకే ఒక కుటుంబం ఏడాది పొడవునా కొండ ఎక్కుతూ దిగుతూ ఉండేది.

స్విట్జర్లాండ్ అనగానే మనకు మంచు, వాన, పచ్చదనం కళ్లముందు మెదులుతాయి. ఈ లోయ మాత్రం కరువు నేలకు దగ్గర. రెండు వైపులా ఉన్న ఎత్తయిన కొండలు మబ్బుల్ని అడ్డుకోవడంతో స్టాల్డెన్ చుట్టుపక్కల ఏటా పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ దేశంలో అతి తక్కువ వాన పడే చోట్లలో అదొకటి. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం కూడా దాదాపు అంతే. అయితే చల్లని ఎత్తులో నీరు ఆవిరయ్యే తీరు వేరు, మంచు కరిగి వచ్చే నీటి ఆసరా వేరు కాబట్టి ఈ పోలికను అంతకు మించి లాగకూడదు. తేలేది ఒక్కటే: కాలువ లేకపోతే గడ్డి లేదు, గడ్డి లేకపోతే ఆవు లేదు. కొండ పక్కన చెక్కిన, కొన్నిచోట్ల రాతి గోడలకు కొయ్య తొట్లు వేలాడదీసి నడిపిన ఇలాంటి కాలువల్ని అక్కడ సూవోన్ అంటారు. ఈ సంప్రదాయ పారుదల విద్యను స్విట్జర్లాండ్‌తో పాటు మరికొన్ని ఐరోపా దేశాల పేరిట 2023 డిసెంబరులో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చారు. అదే నెలలో అదే జాబితాలోకి స్విస్ ఆల్ప్ వేసవి మేపుడు సంప్రదాయమూ చేరింది.

ఎగువ వాలిస్ ఊళ్లలో నీటి వంతుల లెక్క చాలాకాలం కాగితం మీద కన్నా కొయ్య మీదే ఉండేది. చేతిలో ఇమిడే చెక్క ముక్క మీద ఒకవైపు ఇంటి గుర్తు, అంటే గీతలతో, చుక్కలతో చెక్కిన ఆ కుటుంబపు చిహ్నం ఉంటుంది. ఆ ఇంటికి ఎన్ని గంటల నీటి హక్కు ఉందో గాట్లు చెబుతాయి. వీటిని టెస్సెల్న్ అంటారు. ఆవుల హక్కులకూ, ఊరి పనుల వంతులకూ ఇలాంటివే వాడేవాళ్లు. చదువురానివాడు కూడా తన గాటును వేలితో తడిమి చూసుకోగలడు. ఒక ఊరి స్వభావం తెలియాలంటే నాకు ఇలాంటి వస్తువు మీదే నమ్మకం ఎక్కువ. పరస్పర విశ్వాసం నిండుగా ఉన్నచోట గాట్లు అంత లోతుగా చెక్కవలసిన పని ఉండదు.

రాతల విషయానికి వస్తే, టోర్బెల్‌కు సంబంధించిన భూమి పత్రాలు 1224 నుంచి దొరుకుతున్నాయి. వాటిలో భూముల చేతిమార్పిడులు, హక్కుల రకాలు కనిపిస్తాయి. 1483 ఫిబ్రవరి 1న ఊరివాళ్లు ఆల్ప్, అడవి, బీడు భూముల వాడకాన్ని క్రమబద్ధం చేసేందుకు ఒక సంఘంగా ఏర్పడుతూ ఒప్పందం రాసుకున్నారు. బయటివాడు ఊళ్లో భూమి కొన్నా, మరో రకంగా సంపాదించినా, దానివల్ల ఉమ్మడి పచ్చిక మీద గానీ అడవిలో చెట్టు కొట్టుకోవడం మీద గానీ అతనికి హక్కు రాదని అందులో తేల్చేశారు. బయటివాణ్ణి చేర్చుకోవాలా వద్దా అనేది అప్పటికే హక్కులున్న ఊరివాళ్ల ఇష్టం. 1507 నాటికి ఉమ్మడి భూముల ఎల్లలు పత్రంలోకి ఎక్కాయి. పదేళ్లకు ఆవుల కట్టుబాటు వచ్చింది. ముందు మనుషులకు గీత గీశారు, తర్వాత నేలకు గీశారు, ఆ తర్వాతే పశువులకు కొలత పెట్టారు. వరసను బట్టే కారణం చెప్పేయడం తొందరపాటు అవుతుంది గానీ, గమనించదగ్గ వరస మాత్రం ఇదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కట్టుబాటు రాశారంటే జనం దాన్ని పాటించారని కాదు. పైగా ఎవరో దాటుతున్నప్పుడే కట్టుబాటు రాతకెక్కుతుంది. 1517 పత్రాన్ని క్రమశిక్షణకు రుజువుగా ఎంత చూడవచ్చో, క్రమశిక్షణ చెడుతోందన్న ఆందోళనకు రుజువుగానూ అంతే చూడవచ్చు. నెట్టింగ్ స్వయంగా చూసింది 20వ శతాబ్దపు ఊరిని. అంతకు ముందరి శతాబ్దాల గురించి ఆయన చెప్పింది పత్రాలు, చర్చి రిజిస్టర్ల ఆధారంగా. ఆ నడుమ ఎంతమంది తప్పు కట్టారు, ఎంతమంది తప్పించుకున్నారు అన్న లెక్కను కట్టుబాటు పాఠం నుంచి రాబట్టలేం. రాబట్టగలిగింది ఆ కట్టుబాటు నిర్మాణం ఎంత తెలివైనదో. దాని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

చలికాలపు గడ్డి అనే కొలత ఊరందరి కళ్లకూ కనిపించేది. ఎవరి కొట్టంలో ఎంత గడ్డి పట్టిందో, ఎవరి పాకలో ఎన్ని ఆవులు చలికాలం గడిపాయో పక్కింటివాడికి తెలుసు. ప్రమాణాలు, సాక్షులు, సర్వేలు అక్కర్లేదు. రెండోది, వసంతంలో చవగ్గా పశువుల్ని కొని, ఊరి పచ్చిక మీద మేపి, శరదృతువులో సంతలో అమ్ముకునే వ్యాపారానికి దారి మూసుకుపోతుంది. మూడోది, గడ్డి దిగుబడి తగ్గిన ఏడాది ఆవులూ వాటంతట అవే తగ్గుతాయి. ఏటా కూర్చుని కొత్త సంఖ్య మీద పోట్లాడుకోవలసిన పని ఉండదు. ఇది టోర్బెల్ ఒక్కదాని ఆలోచన కూడా కాదు. స్విస్ కొండ ఊళ్లు చాలావాటిలో ఇదే కొలత ఉండేదని ఆస్ట్రోమ్ కూడా చెప్పారు. ఏ ఊరు మొదట కనిపెట్టిందన్న ప్రశ్న కన్నా, ఇన్ని ఊళ్లు ఒకే పరిష్కారం దగ్గరికి చేరడమే దాని బలాన్ని ఎక్కువ చెబుతుంది.

కాపలా సంగతి ఇంకా చమత్కారంగా ఉంటుంది. వేసవి మొదట్లో ఆవులన్నీ కొండెక్కగానే లెక్కపెడతారు. పైన కొద్దిమంది కాపరులు, చీజ్ చేసేవాళ్లు అందరి పశువుల్నీ కలిపే చూసుకుంటారు. సీజన్ చివర జరిగే పంపకంలో ఏ ఇంటికి ఎంత చీజ్ అనేది ఆ ఇల్లు పంపిన ఆవుల లెక్క మీద తేలుతుంది. కాబట్టి ఆవును దొంగతనంగా తోలినవాడికి పచ్చిక దక్కినా చీజ్ వాటా దక్కదు. వాటా అడగాలంటే ఆవును లెక్కలో చూపించాలి, చూపిస్తే గెవాల్ట్‌హాబర్‌కు దొరుకుతాడు. కాపలాదారుకు జరిమానాలో సగం అనే ఏర్పాటు మనకు కొంచెం ఎబ్బెట్టుగా తోచవచ్చు, లంచానికి అక్కచెల్లెల్లాగా. కానీ జీతమిచ్చి పెట్టుకునే స్తోమత లేని ఊరు, కాపలా పనికి కూలిని తప్పు చేసినవాడి దగ్గరే రాబట్టుకుంది.

అడవి కట్టెల పంపకం కూడా ఇలాగే. కొట్టదగ్గ చెట్లకు అటవీ అధికారి గుర్తు పెడతాడు. హక్కున్న ఇళ్లవాళ్లు జట్లుగా ఏర్పడి, కొట్టడం, లాగడం, పేర్చడం సమంగా పంచుకుంటారు. దుంగల్ని ఇంచుమించు సమానమైన కుప్పలుగా పేరుస్తారు. అప్పుడు చీట్లు వేస్తారు. ఏ కుప్ప ఎవరికి వస్తుందో పేర్చేవాడికి తెలియదు కాబట్టి ఏ కుప్పనూ తక్కువ చేయడు. మిగతా కాలంలో ఎవరూ అడవిలో గొడ్డలి ఎత్తకూడదు. ఆల్ప్ సంఘం ఏటా సమావేశమై అధికారుల్ని ఎన్నుకుంటుంది, కాపరుల్ని పెట్టుకుంటుంది, పేడను పచ్చిక మీద చల్లే పని, దారుల మరమ్మతు, మంచు చరియలు పడి కూలిన దొడ్లూ గుడిసెలూ మళ్లీ కట్టే పని ఏర్పాటు చేస్తుంది. ఆ పనికి ఇవ్వాల్సిన మనిషి గానీ డబ్బు గానీ ఆ ఇంటి ఆవుల లెక్కనుబట్టే.

గారెట్ హార్డిన్ 1968లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం ఉమ్మడి పచ్చికనే ఉదాహరణగా తీసుకుంది. ప్రతి కాపరీ ఇంకో పశువును చేర్చడం తనకు లాభమే అనుకుంటాడు, అందరూ అలాగే అనుకుంటే పచ్చిక నాశనం అవుతుంది అన్నది దాని సారం. ప్రైవేటుపరం చేయాలి, లేదా ప్రభుత్వం పట్టుకోవాలి అన్న విధానాలకు ఆ వ్యాసం ఎంత ఊపిరి పోసిందో చెప్పనక్కర్లేదు. హార్డిన్ ఊహించిన పచ్చికకు తలుపు లేదు, లెక్క లేదు, కాపలా లేదు. టోర్బెల్ పచ్చికకు మూడూ ఉన్నాయి. అందుకే అది హార్డిన్‌కు పూర్తి జవాబు అనడం కన్నా, ఆయన వర్ణించిన పరిస్థితి వేరే అనడం సరిగా ఉంటుంది. నెట్టింగ్ ఇంకో ముఖ్యమైన విషయం ఎత్తి చూపారు. ఇదే రైతులకు ప్రైవేటు ఆస్తి అంటే ఏమిటో బాగా తెలుసు. ద్రాక్ష తోట, ధాన్యం పొలం, గడ్డి మడి అన్నీ వ్యక్తుల సొంతం. వాటిని కొంటారు, అమ్ముతారు, కొడుకులకూ కూతుళ్లకూ సమంగా పంచుతారు. పంచీ పంచీ మడులు చిన్న చిన్న ముక్కలైపోయాయి. ఈ ప్రాంతపు కొయ్య ఇళ్లలో ఒక అంతస్తు ఒక కుటుంబానిది, ఇంకొకటి మరొకరిది కావడమూ మామూలే. ఎకరానికి దిగుబడి తక్కువ, ఏడాదికో రకంగా మారే దిగుబడి, ఎక్కువ శ్రమ పెట్టినా పెద్దగా పెరగదు, పెద్ద విస్తీర్ణం ఉంటేగానీ పనికిరాదు, దారులూ గుడిసెలూ కట్టాలంటే పదిమంది కావాలి: ఇలాంటి నేలనే వాళ్లు ఉమ్మడిగా ఉంచారు. ఇందులో ఆదర్శం కన్నా లెక్కే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక ఖర్చు వైపు చూద్దాం. చలికాలపు గడ్డి సొంత పొలంలో పండేది. అంటే ఉమ్మడి పచ్చిక మీద హక్కు సొంత భూమినిబట్టే దక్కుతుంది. పది ఆవులకు సరిపడా గడ్డి ఉన్నవాడు పదింటిని పంపుతాడు, ఒక్కదానికి సరిపడా ఉన్నవాడు ఒక్కదాన్నే. ఊరుమ్మడి ఇక్కడ సమానత్వం తీసుకురాలేదు. కింది అసమానతను మర్యాదగా పైకి మోసుకెళ్లింది. గ్లెన్ స్టీవెన్‌సన్ 1991లో స్విస్ ఆల్ప్‌ల మీద రాసిన పుస్తకంలో ఉమ్మడి ఆల్ప్‌లలో ఆవుల పాల దిగుబడి సొంత ఆల్ప్‌లకన్నా తక్కువని తేలింది. ఉమ్మడి పద్ధతిని తప్పుపట్టడానికి అది ఒక్కటే చాలదు. తక్కువ సారం ఉన్న నేలే ఉమ్మడిగా మిగిలి ఉండవచ్చు. అయినా టోర్బెల్‌ను చూపి ఉమ్మడి ఎప్పుడూ మేలే అని చెప్పేవాళ్లు ఆ ఫలితాన్ని పక్కన పెట్టకూడదు.

పెద్ద మూల్యం మనుషులది. నేల పెరగదు, పచ్చిక పెరగదు, తలుపు మూసే ఉంది. అలాంటప్పుడు జనాభా అదుపులో ఎలా ఉంది? నెట్టింగ్ చూపిన జవాబు: ఆలస్యంగా పెళ్లిళ్లు, పెళ్లే చేసుకోకుండా ఉండిపోయినవాళ్లు చాలామంది, కాన్పుల మధ్య ఎక్కువ ఎడం, వలస. ఆస్ట్రోమ్ ఈ నాలుగింటినీ ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ వాక్యం దగ్గర ఆగాలనిపిస్తుంది. పెళ్లి లేక అన్న ఇంట్లో జీవితమంతా చాకిరీ చేసిన చెల్లెలు, వంతు చాలక ఊరు విడిచిన తమ్ముడు కూడా ఈ సుస్థిరతలో భాగమే. ఆ ఇద్దరి గురించీ ఏ కట్టుబాటు పత్రమూ మాట్లాడదు. చర్చి రిజిస్టర్‌లో పెళ్లి తేదీ లేని గడిగా మాత్రమే వాళ్లు కనిపిస్తారు.

ఈ చర్చలో తెలుగు నేలకూ చోటుంది. రాబర్ట్ వేడ్ 1988లో తెచ్చిన ‘విలేజ్ రిపబ్లిక్స్’ కర్నూలు జిల్లా గ్రామాల మీద రాసిన పుస్తకం. అందులో ప్రధానమైన ఊరికి కొత్తపల్లె అని మారుపేరు పెట్టారు. అక్కడ చట్టబద్ధమైన పంచాయతీతో సంబంధం లేకుండా ఊరివాళ్లే ఒక మండలి నడిపారు. కాలువ నీళ్లు పొలాలకు వంతులవారీగా పారించడానికి మనుషుల్ని, పశువులు పంటలో పడకుండా కావలివాళ్లను పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల మీద మేపుకునే హక్కును గొర్రెల కాపరులకు ఇచ్చి వచ్చిన డబ్బుతో ఊరి నిధి కూడబెట్టుకున్నారు. అన్ని ఊళ్లలోనూ ఇలా లేదు. కాలువ చివర ఉండి నీటికి కటకటపడే ఊళ్లలోనే ఈ ఏర్పాట్లు బలంగా కనిపించాయని వేడ్ తేల్చారు. టోర్బెల్‌కూ దానికీ పోలిక ఇక్కడే: జనం కలిసింది మంచితనం వల్ల కన్నా, కలవకపోతే పోయే పంట వల్ల. తేడా కూడా పెద్దదే. కర్నూలు ఊళ్ల మండలికి చట్టం ముందు ఉనికి లేదు. టోర్బెల్ సంఘానికి పత్రం ఉంది, ఎల్లలున్నాయి, పైనున్న ప్రభుత్వాలు దాన్ని గుర్తిస్తూ వచ్చాయి. ఊరి ఉమ్మడి బతకడంలో ఆ గుర్తింపు వాటా ఎంత అనేది టోర్బెల్ ఒక్కదాన్నే చూస్తే తేలదు. రెంటినీ పక్కపక్కన పెడితే దాని బరువు కొంత తెలుస్తుంది.

స్విస్ ప్రభుత్వ వ్యవస్థలో అట్టడుగు మెట్టు గెమైండె. అది మన గ్రామ పంచాయతీ స్థాయి సంస్థ, అధికారాలు మాత్రం చాలా ఎక్కువ. సొంతంగా పన్ను రేటు నిర్ణయించుకుంటుంది. వాలిస్‌లో ఓటర్లందరి సభను ఉర్‌ఫెర్‌సామ్లుంగ్ అంటారు. బడ్జెట్టు, లెక్కలు అక్కడికే వస్తాయి. చిన్న ఊళ్లలో అధ్యక్షుడితో సహా చాలామంది తమ ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో ఈ పని చూస్తారు. దీనికి పక్కనే బుర్గర్‌గెమైండె అనే ఇంకో సంస్థ ఉంటుంది. అది ఊరి మూల కుటుంబాల వారిది. అడవులు, ఆల్ప్‌లు చాలాచోట్ల దాని చేతిలో గానీ, వాటాదార్ల సంఘాల చేతిలో గానీ ఉంటాయి. అంటే ఊళ్లో ఇల్లు కట్టుకుని పన్ను కట్టేవాడికి ఓటుంటుంది, పచ్చిక మీద హక్కు ఉండకపోవచ్చు. 1483 నాటి గీత ఈ రెండు సంస్థల నడుమ ఇప్పటికీ కనిపిస్తుంది. స్విస్ పౌరసత్వం కూడా ఊరు, కాంటన్, సమాఖ్య అనే మూడు మెట్ల మీద నిలబడింది. పాస్‌పోర్టులో పుట్టిన ఊరికి బదులు వంశపు మూల ఊరి పేరు రాస్తారు. ఆ ఊరిని ఎన్నడూ చూడనివాళ్లూ ఉంటారు. కొత్తవారికి పౌరసత్వం ఇవ్వాలా అని బ్యాలెట్ పెట్టె ద్వారా ఓటు వేసే పద్ధతిని 2003లో సమాఖ్య సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. కారణం చెప్పకుండా కాదనే హక్కు ఊరికి లేదని దాని భావం.

గీత ఊరి లోపలా ఉండేది. స్విస్ స్త్రీలకు సమాఖ్య స్థాయిలో ఓటు హక్కు వచ్చింది 1971 ఫిబ్రవరిలో. వాలిస్ కాంటన్‌లో అంతకు ముందటి ఏడాది వచ్చింది. శతాబ్దాలపాటు కట్టుబాట్ల మీద ఓటేసిన ‘ఊరందరూ’ ఎవరో అర్థం చేసుకోవడానికి ఈ తేదీలు చాలు. అయితే ఈ కొండ ఊళ్లను వెనకబడ్డవని ఒక్క మాటలో తేల్చేయడమూ కుదరదు. మోస్ఆల్ప్ కనుమకు అవతల, బ్యుర్షెన్ పక్కన ఉన్న ఉంటెర్‌బెఖ్ గ్రామ మండలి 1957 మార్చి 3 నాటి సమాఖ్య ఓటింగులో స్త్రీలను ఓటు వేయనిచ్చింది. ప్రశ్న పౌర రక్షణ సేవను స్త్రీలకు తప్పనిసరి చేయాలా అన్నది. తమ మీద పడబోయే భారం గురించి తమనే అడగాలన్నది ఊరి వాదన. 33 మంది స్త్రీలు విడిగా పెట్టిన పెట్టెలో చీటీలు వేశారు. వాటిని లెక్కలోకి తీసుకోలేదు. స్విస్ చరిత్రలో స్త్రీలు ఓటేసిన తొలి ఊరిగా మాత్రం దాని పేరు నిలిచిపోయింది.

20వ శతాబ్దంలో ఈ వాలు మీద ఆర్థికం తలకిందులైంది. విస్ప్‌లోని లోంజా రసాయన కర్మాగారం చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లకు జీతం చూపించింది. పగలు కర్మాగారం, ఉదయం సాయంత్రం గడ్డి కోత, మిగతా పని ఇంట్లో ఆడవాళ్ల మీద. ఇలాంటి కార్మిక రైతుల తరం చాలా దశాబ్దాలు నడిచింది. తర్వాత గడ్డి కోత వంతు తప్పింది. 2007లో ల్యోచ్‌బెర్గ్ కింది సొరంగం తెరుచుకున్నాక విస్ప్ నుంచి రాజధాని బెర్న్‌కు రైల్లో గంటలోపే ప్రయాణం. 2020–21లో మోడెర్నా కోవిడ్ టీకా మూలపదార్థం తయారైన చోట్లలో విస్ప్ ఒకటి. కొండ మీది ఊరికి ఉపాధి కొరత తీరింది. పొలానికి మనిషి కొరత మొదలైంది.

ఆ మార్పు ఆల్ప్ నిబంధనల్లోనూ పడింది. ఇప్పుడు వేసవి మేపుడుకు సమాఖ్య ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. దాని కొలమానం పేరు నార్మల్‌స్టోస్: ఒక పెద్ద పశువు వంద రోజులు పచ్చిక మీద ఉండటం. ప్రతి ఆల్ప్‌కూ ఇన్ని అని నిర్ణయిస్తారు. నిర్ణయించిన దానికన్నా పది శాతం మించితే కోత, పదిహేను శాతం దాటితే మొత్తం ఆగిపోతుంది. తిరకాసు ఏమిటంటే, నాలుగో వంతు మించి తగ్గినా నష్టమే. అప్పుడు నిజంగా ఉన్న పశువుల లెక్కకే డబ్బు. పశువులు చాలకపోతే పచ్చిక మీదికి పొదలూ, వాటి వెనక అడవీ వస్తాయి. స్విస్ కొండల్లో అడవి విస్తీర్ణం దశాబ్దాలుగా పెరుగుతూనే ఉంది. మైదాన ప్రాంతాల రైతుల పశువుల్ని వేసవికి ఆల్ప్‌లకు తీసుకోవడం దేశంలో ఇప్పుడు మామూలు సంగతి. అతిగా వాడటం గురించి రాసిన సిద్ధాంతాలు వాడేవాళ్లు కరవైన పచ్చికకు పెద్దగా పనికిరావు. టోర్బెల్ జనాభా కూడా ఆస్ట్రోమ్ పుస్తకంలోని సుమారు 600 నుంచి ఇప్పుడు 500 దరిదాపులకు తగ్గింది.

మనుషుల విషయంలోనూ ఇదే మలుపు. 2012 మార్చిలో దేశవ్యాప్త ఓటింగులో, ఏ గెమైండెలోనూ సెలవుల కోసం వాడే రెండో ఇళ్లు 20 శాతానికి మించకూడదన్న ప్రతిపాదన స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. వాలిస్ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 2017 నవంబరు 30న అదే కాంటన్‌లో, 240 మంది దాకా ఉన్న ఆల్బినెన్ గ్రామసభ ఇంకో అడుగు వేసింది. 45 ఏళ్లలోపు వాళ్లు వచ్చి స్థిరపడితే పెద్దవారికి 25,000, పిల్లలకు 10,000 ఫ్రాంకుల చొప్పున ఇస్తామంది. కనీసం రెండు లక్షల ఫ్రాంకులు ఇంటి మీద పెట్టాలి, పదేళ్లు ఉండాలి, లేదంటే తీసుకున్నది తిరిగి కట్టాలి. ఉచితంగా డబ్బు పంచుతున్నారని ప్రపంచ పత్రికలు రాశాయి గానీ, షరతులు చదివితే పాత ఊరి కట్టుబాటు ధోరణే: రమ్మనడానికి కూడా కొలత ఉంది. ఆల్బినెన్ అనుభవాన్ని టోర్బెల్‌కు అంటగట్టడం సరికాదు. విస్ప్‌కు దగ్గరగా ఉండటం టోర్బెల్‌కు పెద్ద అండ.

1850లో 3,200 దాటిన స్విస్ గెమైండెలు విలీనాలతో ఇప్పుడు 2,100 పైచిలుకుకు తగ్గాయి. చిన్న ఊరి అంతం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఈ అంకె మీదే ఆధారపడతారు. టోర్బెల్ చరిత్ర చూస్తే అది రెండో స్థాయి సూచిక మాత్రమే అనిపిస్తుంది. గెమైండె విలీనమైనా ఆల్ప్ సంఘం, కాలువ వాటాదార్ల సంఘం విడి సంస్థలుగా కొనసాగవచ్చు. గెమైండె పేరు చెక్కుచెదరకుండా ఉండి సంఘంలో ఆవులున్నవాళ్లు ఇద్దరే మిగలనూ వచ్చు. ఇలాంటి ఊరి మీద ఇకముందు పరిశోధన చేసేవాళ్లు జనాభా పట్టికకన్నా ముందు సంఘాల మినిట్స్ పుస్తకాలు అడగాలి. ఏడాది సమావేశానికి ఎందరు వచ్చారు, ఎందరు మనిషిని పంపే బదులు డబ్బు కట్టి ఊరుకున్నారు, కూలిన దొడ్డి గోడ ఎత్తడానికి ఎవరు కొండెక్కారు అన్నవి వాటిలో దొరకాలి.